అణు కేంద్రంలో ఆపద... ఫోను ఎత్తేదెవరు?

1979 మార్చి 28, బుధవారం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో సస్కెహన్నా నది మధ్య ఒక లంక. అక్కడ ఉన్నది త్రీమైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. తెల్లవారుజామున నాలుగు గంటలకు రెండో యూనిట్‌లో మొదలైన లోపం ఏడు గంటలయ్యేసరికి చేయిదాటింది. కేంద్రం అధికారులు అత్యవసర పరిస్థితి ప్రకటించి, అణు నియంత్రణ కమిషన్ ప్రాంతీయ కార్యాలయానికి ఫోను చేశారు. కార్యాలయం ఇంకా తెరవలేదు. పని వేళలు కానప్పుడు వచ్చే ఫోన్లను అందుకొని కబురు రాసిపెట్టే ఒక సేవా సంస్థ ఆ ఫోను ఎత్తింది. విధుల్లో ఉన్న అధికారి ఇంటికీ, ఉప సంచాలకుని ఇంటికీ ఫోను చేసి చూసింది. ఇద్దరూ అప్పటికే ఇంటి నుంచి బయలుదేరి ఆఫీసు దారిలో ఉన్నారు. సెల్‌ఫోన్లు లేని రోజులు. 7.45 గంటలకు కార్యాలయం తలుపులు తెరిచాక గానీ, దేశంలోనే అతి పెద్ద అణు ప్రమాదం తమ పరిధిలో జరుగుతోందన్న సంగతి ఆ కార్యాలయానికి తెలియలేదు.

ఎక్కడో అమెరికాలో నాలుగు దశాబ్దాల కిందట జరిగిన సంగతి జిల్లా పేజీలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ వద్ద 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు నెలకొల్పాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉన్నదే. వాటిని సరఫరా చేయాల్సిన వెస్టింగ్‌హౌస్ సంస్థ కూడా ఆ పెన్సిల్వేనియా రాష్ట్రానిదే కావడం కాకతాళీయం. కొవ్వాడ మాట వచ్చినప్పుడల్లా భూములు, పరిహారం, చేపల వేట, అణుధార్మికత అన్న నాలుగు అంశాల చుట్టూనే చర్చ నడుస్తుంది. అవి చర్చించవలసినవే. అయితే ప్రమాదమంటూ జరిగితే ఆ కబురు కేంద్రం ప్రహరీ దాటి ఏ దారిన వస్తుంది, ఎంతసేపట్లో వస్తుంది, కబురు పంపవలసిన వేళకు ఆ దారి తెగిపోకుండా ఉంటుందా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ప్రపంచంలోని అణు ప్రమాదాల చరిత్రను తిరగేస్తే యంత్రాల వైఫల్యం పక్కనే ప్రతిసారీ సమాచార వైఫల్యమూ కనిపిస్తుంది.

నడిపేవారు, కనిపెట్టేవారు

అణు విద్యుత్ కేంద్రాన్ని నడిపే సంస్థ ఒకటి, అది నియమాలు పాటిస్తున్నదో లేదో కనిపెట్టే నియంత్రణ సంస్థ మరొకటి. ప్రమాదం వేళ రియాక్టర్‌ను అదుపు చేసే పని నడిపేవారిదే. నియంత్రణ సంస్థ దూరాన ఉండి పరిస్థితిని సొంతంగా అంచనా వేస్తుంది, నడిపేవారి నిర్ణయాలను సరిచూస్తుంది, ప్రజలను కదిలించాలా వద్దా అన్న విషయంలో ప్రభుత్వానికి సలహా ఇస్తుంది. ఈ మూడో పని మన బోటివారికి ప్రాణంతో సమానమైనది. ఊరు ఖాళీ చేయమన్న మాట ఆలస్యమైతే ముప్పు. అక్కరలేకుండా ఆ మాట వస్తే దారిలో జరిగే తొక్కిసలాట, వాహన ప్రమాదాలు, ఆసుపత్రి మంచం దిగలేని రోగుల పాట్లు మరో ముప్పు. సలహా సరిగ్గా ఉండాలంటే చేతిలో సమాచారం సరిగ్గా ఉండాలి. త్రీమైల్ ఐలాండ్‌లో అది లేదు.

అక్కడ జరిగింది క్లుప్తంగా ఇదీ. రియాక్టర్‌లో పీడనం పెరిగినప్పుడు తెరుచుకున్న వాల్వు తిరిగి మూసుకోలేదు. కంట్రోల్ రూంలోని దీపం మాత్రం మూసుకున్నట్లే చూపింది. ఎందుకంటే ఆ దీపం వాల్వు మూసుకుందని చెప్పే దీపం కాదు. మూసుకోమని ఆదేశం వెళ్లిందని చెప్పే దీపం. ఆదేశం వెళ్లడం వేరు, అది అమలు కావడం వేరు. ఈ తేడా తెలియక సిబ్బంది అత్యవసర శీతల జలాన్ని తగ్గించారు. ఇంధనం కరిగింది. దాదాపు సగం ఇంధన గర్భం కరిగిపోయిందన్న నిజం కొన్నేళ్ల తరువాత రియాక్టర్ లోపలికి కెమెరా పంపి చూశాక గానీ బయటపడలేదు.

ఆ ఉదయం పది గంటలు దాటాక కంట్రోల్ రూంలో అణుధార్మికత పెరగడంతో సిబ్బంది ముఖాలకు మాస్కులు తొడుక్కున్నారు. ఒకరి మాట ఒకరికి అర్థం కావడం కష్టమైంది. పక్కనున్న మనిషికే మాట చేరని గదిలోంచి ఎక్కడో దూరాన ఉన్నవారికి ఫోనులో పరిస్థితి వివరించాలి! మధ్యాహ్నం 1.50 గంటలకు రియాక్టర్ భవనంలో పీడనం ఒక్కసారిగా పెరిగి పడిపోయింది. లోపల పోగైన హైడ్రోజన్ మండటం వల్ల వచ్చిన పోటు అది. కాగితంపై గీత స్పష్టంగా పడింది. చూసిన కొందరు పరికరం లోపమనుకున్నారు. ఆ గీత అర్థం వాషింగ్టన్ అధికారులకు బోధపడేసరికి శుక్రవారమైంది.

ఒక్క అంకె తెచ్చిన తంటా

ఆ శుక్రవారం, అంటే మార్చి 30న జరిగిన ఉదంతం ఇప్పటికీ అత్యవసర నిర్వహణ పాఠాల్లో చెబుతారు. ఉదయం కేంద్రంలో ఒక ట్యాంకులోని వాయువులను మరో ట్యాంకులోకి మళ్లిస్తుండగా కొంత అణుధార్మిక వాయువు బయటకు వచ్చింది. కేంద్రం గొట్టానికి సూటిగా పైన ఎగురుతున్న హెలికాప్టర్‌లోని పరికరం గంటకు 1,200 మిల్లీరెమ్‌లని చూపింది. సరిగ్గా అదే సమయంలో వాషింగ్టన్ సమీపంలోని కమిషన్ కార్యాలయంలో ఒక అధికారి, ట్యాంకు నుంచి వాయువు వస్తే భూమి మీద మనుషులుండే చోట ఎంత ఉండవచ్చునో చేతి లెక్క వేశాడు. అతని లెక్కకూ 1,200 వచ్చింది. మరు నిమిషంలోనే ఫోనులో కేంద్రం నుంచి 1,200 అన్న అంకె వినపడింది.

రెండూ ఒకటేననుకున్నారు. గొట్టం నోటి దగ్గర కొలిచిన అంకె అది, ఊళ్లో కొలిచినది కాదు. కొలిచింది ఎక్కడ అని తిరిగి అడిగినవారు లేరు. తిరిగి అడుగుదామన్నా లైను దొరికే పరిస్థితి కాదు. పది మైళ్ల పరిధిలో జనాన్ని ఖాళీ చేయించాలన్న సిఫార్సు కమిషన్ కార్యాలయం నుంచి రాష్ట్ర అత్యవసర విభాగానికి వెళ్లిపోయింది. గవర్నర్ డిక్ థార్న్‌బర్గ్ ఆ సలహా ఇచ్చినదెవరో, దానికి ఆధారమేమిటో కనుక్కునేందుకు తానే ఫోను పట్టుకోవలసి వచ్చింది. కమిషన్ ఛైర్మన్ జోసెఫ్ హెండ్రీతో మాట్లాడాక ఖాళీ చేయించే ఆలోచన ఆగింది. ఈలోగా రేడియోలో వార్త పాకింది. మధ్యాహ్నం అయిదు మైళ్ల లోపు గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు వెళ్లిపోవడం మంచిదని గవర్నర్ ప్రకటించారు. చెప్పింది ఆ కొద్దిమందికి. కదిలినవారు మాత్రం దాదాపు 1,44,000 మంది అని ఆ తరువాత కమిషన్ జరిపించిన సర్వే తేల్చింది. నమ్మదగిన కబురు లేనప్పుడు జనం తమ కాళ్లనే నమ్ముకుంటారు.

ఆనాటి సంభాషణల్లో హెండ్రీ తమ పరిస్థితిని, గవర్నర్ పరిస్థితిని కలిపి, తడబడుతూ నిర్ణయాలు తీసుకుంటున్న ఇద్దరు గుడ్డివారితో పోల్చారు. దేశపు అణు నియంత్రణాధికారి నోట వచ్చిన మాట ఇది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఫోను చేసి ఏం కావాలని అడిగితే హెండ్రీ చెప్పుకున్న బాధ కూడా ఫోన్ల గురించే. నౌకాదళంలో అణు విభాగంలో పనిచేసిన కార్టర్‌కు సంగతి వెంటనే అర్థమైంది. వైట్‌హౌస్ సమాచార సిబ్బంది హుటాహుటిన ప్రమాద స్థలానికీ, గవర్నర్ కార్యాలయానికీ, కమిషన్‌కూ, వైట్‌హౌస్‌కూ మధ్య ప్రత్యేక లైన్లు వేశారు. కమిషన్ సీనియర్ అధికారి హెరాల్డ్ డెంటన్‌ను అధ్యక్షుని ప్రతినిధిగా అక్కడికి పంపి, ఇకపై మాట్లాడేది ఈయన ఒక్కరేనని తేల్చారు. లైనూ మనిషీ రెండూ కుదిరాక గందరగోళం సర్దుకోవడం మొదలైంది.

ఎర్ర ఫోను

ఈ ప్రమాదంపై విచారణ సంఘానికి జాన్ కెమెనీ అధ్యక్షత వహించారు. మన డిగ్రీ కళాశాలల్లో ఒకప్పుడు కంప్యూటర్ పాఠం ‘బేసిక్’ భాషతోనే మొదలయ్యేది గదా, ఆ భాషను రూపొందించిన ఇద్దరిలో ఈయన ఒకరు. 1979 అక్టోబరులో వచ్చిన ఆయన నివేదిక యంత్రాల కంటే మనుషుల, సంస్థల లోపాలనే ఎక్కువగా ఎత్తిచూపింది.

ప్రమాదం తరువాత ప్రతి అణు కేంద్రం నుంచి కమిషన్ కార్యకలాపాల కేంద్రానికి నేరుగా ఒక ప్రత్యేక టెలిఫోను లైను వేశారు. అధికారిక నామం ఏదైనా ఉద్యోగులు దాన్ని ఎర్ర ఫోను అనేవారు. నంబరు నొక్కే పని లేదు. రిసీవరు ఎత్తితే అవతల మోగుతుంది. అవతల 24 గంటలూ మనిషి ఉంటాడు. ఆ మనిషి కబురు రాసిపెట్టే గుమస్తా కాదు, రియాక్టర్ గురించి చదువుకున్నవాడు. చెప్పిన మాట రికార్డు అవుతుంది.

ప్రత్యేక లైను ఎందుకంటే, మామూలు టెలిఫోను ఎక్స్‌ఛేంజి అందరూ ఒకేసారి మాట్లాడతారన్న లెక్కతో కట్టేది కాదు. వందమందిలో కొద్దిమందే ఒక సమయంలో మాట్లాడతారన్న అంచనాతో కడతారు. సంక్రాంతి నాడు హైదరాబాదు నుంచి ఊరికి ఫోను కలపబోయి విసిగిపోయిన వారెవరికైనా ఇది అనుభవమే. ప్రమాదం రోజున ఆ ప్రాంతమంతా ఒక్కసారిగా ఫోన్లకు ఎగబడుతుంది. ఆ రద్దీలో నియంత్రణాధికారి ఫోనుకూ, అల్లుడి క్షేమం అడిగే అత్తగారి ఫోనుకూ ఎక్స్‌ఛేంజి తేడా చూడదు.

లైనుతో పాటు నియమమూ వచ్చింది. అత్యవసర పరిస్థితి ప్రకటించిన 15 నిమిషాల్లో రాష్ట్ర, స్థానిక అధికారులకు చెప్పగలగాలి. ఆ వెంటనే, ఎట్టి పరిస్థితిలోనూ గంట దాటకుండా కమిషన్‌కు చెప్పాలి. ఈ వరుస గమనించదగినది. ముందు ఊరికి, తరువాత రాజధానికి. కమిషన్ కోరితే ఆ తరువాత లైను పెట్టేయకుండా తెరిచే ఉంచాలి. ఇందులో ఒక చిక్కుంది. లైనులో నిలబడి అడిగినదానికల్లా బదులివ్వాల్సిన వ్యక్తి విషయం తెలిసినవాడై ఉండాలి. అలాంటివాడు ఆ క్షణాన కంట్రోల్ రూంలో రియాక్టర్ దగ్గర కావలసినవాడు. ఇల్లు కాలుతుంటే నీళ్లు పోసేవాణ్ణి పిలిచి ఎంత కాలిందో చెప్పమన్నట్లు ఉంటుంది. అందుకే మాట్లాడేందుకు అదనపు మనిషిని కేటాయించడం, కేంద్రంలోనే కమిషన్ ఇన్‌స్పెక్టర్లను నివాసం ఉంచడం వంటి ఏర్పాట్లు బలపడ్డాయి.

ఎర్ర ఫోన్లు పెట్టిన ఏడాదికే మరో లోపం తెలిసొచ్చింది. 1980 జూన్‌లో కమిషన్ అన్ని కేంద్రాలకూ ఒక హెచ్చరిక పంపింది. బయటి కరెంటు పోతే ఈ ఫోను కూడా మూగబోయే అవకాశం ఉందని, దానికి విద్యుత్తు ఎక్కడి నుంచి అందుతోందో వెతికి, కరెంటు పోయినా పనిచేసే సరఫరాకు కలపాలని దాని సారాంశం. అణు కేంద్రానికి బయటి కరెంటు పోవడమే ఫోను చేయవలసిన ఆపదల్లో మొదటిది. ఆ ఆపదతోనే ఫోను చచ్చిపోయేలా తీగ కలిపిపెట్టుకున్నారన్నమాట. ఇది చదివి నవ్వుకోనక్కరలేదు. మన మండల కార్యాలయాల్లో ఇన్వర్టరుకు ఫ్యాను కలిపి, టెలిఫోను మోడెమ్‌ను మరిచిన చోట్లు ఎన్ని లేవు!

మాటకు బదులు కొలత

నోటి మాటకు మరో పరిమితి ఉంది. 1,200 ఉదంతంలో లైను దొరికింది, అంకె కూడా సరిగ్గానే చేరింది. ఎక్కడి అంకె అన్నదే చేరలేదు. దీనికి విరుగుడుగా అమెరికా 1991లో ఒక నిబంధన తెచ్చింది. అత్యవసర పరిస్థితి ఒక స్థాయి దాటితే, గంటలోగా కేంద్రం కంప్యూటర్ నుంచి కమిషన్ కంప్యూటర్‌కు నేరుగా కొలతలు వెళ్లాలి. రియాక్టర్‌లో పీడనం, నీటి మట్టం, ఉష్ణోగ్రత, భవనంలో అణుధార్మికత, ఆవరణలోని స్తంభం మీద గాలి వేగం, దిశ... ఇవన్నీ మనిషి నోటి మీదుగా కాకుండా పరికరం నుంచి తెరమీదికి వస్తాయి. ఏ అంకె ఏ పరికరానిదో పక్కనే ఉంటుంది. కంట్రోల్ రూంలో చెప్పడానికి మనిషి లేకపోయినా దూరాన ఉన్నవారికి పరిస్థితి కనిపిస్తుంది. ఒకప్పుడు మామూలు టెలిఫోను మోడెమ్‌ల మీద నడిచిన ఈ వ్యవస్థను ఆ తరువాత రక్షిత ఇంటర్నెట్ మార్గంలోకి మార్చారు.

ఇంత చేసినా ప్రకృతి ముందు పరీక్ష తప్పలేదు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను ఫ్లోరిడా తీరంలోని టర్కీ పాయింట్ అణు కేంద్రం మీదుగా వెళ్లింది. రియాక్టర్లను ముందే ఆపివేశారు. బయటి కరెంటు రోజుల తరబడి రాలేదు. డీజిల్ జనరేటర్లు ఆదుకున్నాయి. అయితే తుపాను ఉధృతిలో కేంద్రానికి బయటి లోకంతో అన్ని రకాల సంబంధాలూ కొన్ని గంటల పాటు తెగిపోయాయి. మామూలు ఫోను, ప్రత్యేక ఫోను, రేడియో టవరు అంటూ లెక్కకు ఎన్ని దారులున్నా అన్నీ గాలికి ఎదురొడ్డి నిలవాల్సినవే. తీగలు ఒకే స్తంభాల మీద, యాంటెన్నాలు ఒకే గాలి దారిలో ఉంటే పది దారులూ ఒక్క దారితో సమానం.

ఫుకుషిమాలో టీవీ చెప్పిన వార్త

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి కేంద్రం దగ్గర ఈ పాఠం మరింత కఠినంగా ఎదురైంది. అక్కడ ఏర్పాట్లకు లోటు లేదు. కేంద్రానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఒకుమా పట్టణంలో ప్రత్యేక భవనం కట్టారు. ప్రమాదం జరిగితే నియంత్రణ అధికారులు, జిల్లా స్థాయి అధికారులు, కేంద్రాన్ని నడిపే టెప్కో సంస్థ ప్రతినిధులు అక్కడ ఒకే గదిలో కూర్చోవాలి. రియాక్టర్ కొలతలు తెరమీదికి రావాలి. భూకంపంతో ఆ భవనానికీ కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. మామూలు లైన్లు తెగి, శాటిలైట్ ఫోనే దిక్కయింది. కేంద్రంలో కరెంటు పోవడంతో రియాక్టర్ కొలతలు ప్రభుత్వానికి చేరే మార్గమూ తెగింది. భవనంలో గాలిని వడగట్టే ఏర్పాటు లేక, అణుధార్మికత పెరిగాక మార్చి 15న దాన్నే ఖాళీ చేసి ఫుకుషిమా నగరానికి తరలిపోయారు. ప్రమాదాన్ని ఎదుర్కొనేందుకు కట్టిన భవనమే ప్రమాదం పరిధిలో చిక్కుకుంది.

ఒక దారి మాత్రం చివరిదాకా నిలిచింది. టెప్కో టోక్యో కార్యాలయానికీ, ఫుకుషిమా కేంద్రంలోని భూకంపాన్ని తట్టుకునే భవనానికీ మధ్య ఉన్న టీవీ సమావేశ వ్యవస్థ. అయితే ఆ తెర నియంత్రణ సంస్థ కార్యాలయంలో లేదు, ప్రధాని కార్యాలయంలోనూ లేదు. మార్చి 12న మొదటి యూనిట్ భవనం పేలిన సంగతి ప్రధాని నావోతో కాన్‌కు అధికారుల కంటే ముందు టీవీ చానలే చెప్పింది. మార్చి 15 తెల్లవారుజామున ఆయనే స్వయంగా టెప్కో కార్యాలయానికి వెళ్లి, ప్రభుత్వం, సంస్థ కలిసి కూర్చునే ఉమ్మడి కేంద్రాన్ని అక్కడే పెట్టించారు. ఆ తెర ముందుకు అధికారులు చేరడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇక ఊళ్ల మాట. కేంద్రానికి ఉత్తరాన ఉన్న నమీ పట్టణానికి ఎవరి నుంచీ ఫోను రాలేదు. ఖాళీ చేయాలన్న ఆదేశం టీవీలో చూసి తెలుసుకున్నామని అక్కడి మేయర్ చెప్పారు. వేలమంది అదే పట్టణ పరిధిలోని సుషిమా అనే కొండ ప్రాంతానికి వెళ్లి తలదాచుకున్నారు. అణుధార్మిక వాయువు వాయవ్యంగా, సరిగ్గా అటే వీచింది. గాలి ఎటు వీస్తుందో లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ జపాన్ ప్రభుత్వం దగ్గర ఉంది. దాని అంచనాలు నమీకి చేరలేదు. తెలిసీ చేరకపోవడం తెలియకపోవడం కన్నా ఎక్కువ బాధిస్తుంది.

సరిహద్దులు దాటే కబురు

కబురు చెప్పే సాధనాలుండీ చెప్పని ఉదంతం చెర్నోబిల్‌ది. 1986 ఏప్రిల్ 26న అక్కడ రియాక్టర్ పేలింది. సోవియట్ ప్రభుత్వం నోరు విప్పలేదు. 28న వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు అణుధార్మికత అంటినట్లు యంత్రం మోగడంతో లోకానికి అనుమానం వచ్చింది. ఆ రాత్రి గానీ మాస్కో క్లుప్త ప్రకటన చేయలేదు. అయిదు నెలలకే, అణు ప్రమాదం సరిహద్దు దాటే అవకాశముంటే సత్వరమే తెలియజేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 1986 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది. భారతదేశం కూడా ఇందులో భాగస్వామి. ఈ కబుర్లు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మీదుగా సాగుతాయి.

మన దగ్గర...

మన దేశంలో నియంత్రణ బాధ్యత 1983 నవంబరు 15న ఏర్పాటైన అణుశక్తి నియంత్రణ మండలిది. దాని కార్యాలయం ముంబయిలో ఉంది. అత్యవసర వేళల సమన్వయానికి అణుశక్తి విభాగంలో 1987 నుంచి సంక్షోభ నిర్వహణ బృందం పనిచేస్తోంది. ముంబయిలో రాత్రింబగళ్లు నడిచే అత్యవసర కంట్రోల్ రూం దానికి చెవి.

ఆపదను మూడు అంచెలుగా చూస్తారు. యూనిట్‌కు పరిమితమైనది, ఆవరణకు పరిమితమైనది, ఆవరణ దాటినది. మూడో అంచెకు చేరితే పగ్గాలు కేంద్రం అధికారుల చేతిలో ఉండవు. 16 కిలోమీటర్ల పరిధిలోని జనాన్ని కాపాడే బాధ్యత జిల్లా కలెక్టర్‌ది. అంటే నియంత్రణ మండలికి వెళ్లే లైను ఎంత ముఖ్యమో కలెక్టరేట్‌కు వచ్చే లైను అంతే ముఖ్యం. ఆవరణ దాటిన ప్రమాదంపై రెండేళ్లకోసారి విన్యాసం జరపాలి. 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఇచ్చిన నివేదిక ఈ విన్యాసాలను పరిశీలించి, ఆవరణ బయటి సన్నద్ధత చాలినంతగా లేదని తప్పుపట్టింది.

మన అనుభవాలూ తక్కువేమీ కాదు. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు రేగాయి. కేబుళ్లు కాలిపోయి 17 గంటల పాటు యూనిట్‌కు కరెంటు లేదు. కంట్రోల్ రూంలో పొగ నిండి సిబ్బంది బయటకు రావలసి వచ్చింది. కంట్రోల్ రూంలో ఎన్ని ఫోన్లున్నా ఆ గదే వదలాల్సి వస్తే ఏం చేయాలన్నది అక్కడి పాఠం. అదృష్టవశాత్తు అణుధార్మికత బయటకు రాలేదు. 2004 డిసెంబరు 26న సునామీ నీరు తమిళనాడులోని కల్పాక్కం కేంద్రపు పంపుల గదిలోకి చొచ్చుకొచ్చింది. నడుస్తున్న రియాక్టర్‌ను సురక్షితంగా ఆపగలిగారు. ఫుకుషిమాకు సరిగ్గా అయిదేళ్ల నాడు, 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రాపార్ ఒకటో యూనిట్‌లో శీతల జలం లీకై అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అది మొదటి అంచె దాటలేదు.

తిత్లీని తట్టుకునే తీగ ఏది?

కొవ్వాడకు 16 కిలోమీటర్ల గీత గీస్తే రణస్థలం మండల కేంద్రం, పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతం, జాతీయ రహదారి అందులోకి వస్తాయి. తీరం వెంబడి మత్స్యకార గ్రామాలున్నాయి. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరడానికే గంటలు పడుతుంది. కబురు అందిన నిమిషం నుంచి లెక్క మొదలవుతుంది కాబట్టి, ముంబయిలో ఫోను మోగడంతో పని అయిపోదు.

ఈ తీరానికి తుపాన్లు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ముంచినప్పుడు నగరంలోనే సెల్‌ఫోన్లు మూగబోయాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వద్ద తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో కరెంటు, ఫోను రోజుల తరబడి లేవు. చెట్టు కూలి దారి మూసుకుపోయిన ఊరికి మనిషి నడిచి వెళ్తే తప్ప క్షేమం తెలియలేదు. ఒకటి విశాఖను, మరొకటి పలాసను తాకాయి. కొవ్వాడ ఆ రెంటికీ నడుమ ఉంది. అణు కేంద్రానికి బయటి కరెంటు పోయే రోజు, కలెక్టరేట్‌కు ఫోను పోయే రోజు ఒకటే రోజు కావడానికి ఇక్కడ ఎంతో ఊహ అక్కరలేదు.

కనుక అడగవలసిన ప్రశ్నలు చాలా మామూలువి. కేంద్రం నుంచి ముంబయికి, శ్రీకాకుళానికి ఎన్ని దారులుంటాయి, అవి ఒకే స్తంభాల మీదుగా వెళ్తాయా? కరెంటు పోతే అవి ఎన్ని గంటలు నడుస్తాయి? రియాక్టర్ కొలతలు నేరుగా మండలికి కనిపిస్తాయా, ఎవరైనా చదివి చెప్పాలా? రాత్రి రెండు గంటలకు కలెక్టరేట్‌లో ఆ ఫోను ఎత్తేవారికి విన్నది అర్థమవుతుందా? అత్యవసర కేంద్రంగా వాడే భవనం 16 కిలోమీటర్ల గీతకు లోపల ఉంటుందా, బయట ఉంటుందా? పడవ మీద ఉన్నవారికి కబురు ఎవరు చేరవేస్తారు?

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో చూసుకోవచ్చు. దాని సారాంశం తెలుగులోనూ ఉండాలి. సభకు రాలేనివారు ప్రశ్నలను కాగితం మీద రాసి కాలుష్య నియంత్రణ మండలికి పంపవచ్చు.